గుంపు పేరు, మనుషుల పేర్లు

నాకు తమ్ముని వరుసయ్యే పిల్లగాడొకడు కోరుట్ల నుంచి దుబాయ్ పోయి, అక్కడ ఒక హోటల్లో నేల తుడిచే పని చేస్తున్నాడు. ఆ హోటల్ కింది హాల్లో పొద్దంతా పాత ఇంగ్లీషు పాటలు సన్నగా మోగుతుంటాయట. ఒక రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఈడ ఒక పాట ఇన్న. మాట ఒక్కటి అర్థం కాలే గని, మన తీజ్ పాట లెక్కనే ఒకడు ఎత్తుకుంటుంటే తక్కినోళ్లు అందుకుంటున్నరు" అన్నాడు. ఆ పాటను ఫోన్లో వెతికి పట్టుకుని నాకు పంపాడు. పాడినవాళ్ల పేరు డ్రిఫ్టర్స్. ఆ మాటకు అర్థం చూస్తే నవ్వొచ్చింది. ఒక్కచోట నిలవకుండా కొట్టుకుపోతూ తిరిగేవాళ్లని అర్థం. మన భాషలో దేశదిమ్మరులు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని లదేణి మీద దేశమంతా తిరిగిన మా తాతలను ఊళ్లల్లో ఆ మాటే అన్నారు. మమ్మల్ని తిట్టిన మాటను వీళ్లు బోర్డు మీద రాసుకున్నారా అనుకుని వాళ్ల కథ చదవబోయాను. చదివినకొద్దీ అది పాటల కథగా ఉండక, ఒక పేరు కథ అయింది. పాడే గుంపుకు పెట్టిన పేరు ఎవరిది? పాడేవాళ్లదా, పెట్టినవాళ్లదా, కొనుక్కున్నవాళ్లదా? ఈ ప్రశ్న అమెరికాలో పుట్టినా, రెండేండ్లుగా నన్ను మా తండాలోనే వేధిస్తున్నది. అందుకే రాస్తున్నాను.

ముందు వాళ్ల సంగతి చెప్పాలి. డ్రిఫ్టర్స్ నల్లజాతి గాయకుల బృందం. రాక్ అండ్ రోల్ అనే సంగీతం ఇంకా కాళ్లూనుకుంటున్న రోజుల్లో, 1953లో, న్యూయార్క్‌లో తయారైంది. ఆ కాలంలో అక్కడి పట్నాల నల్లవాళ్ల వాడల్లో నలుగురైదుగురు పోరగాళ్లు చేరి వీధి మూల మీదో, ఇంటి మెట్ల మీదో పాడుకునేవాళ్లు. వాయిద్యాలు కొనే పైసలు లేవు కాబట్టి గొంతులే వాయిద్యాలు. ఒక సన్నని గొంతు పాట ఎత్తుకుంటుంది. ఒక బొంగురు గొంతు అడుగున దరువు లాగా నడుస్తుంది. మిగతా గొంతులు అర్థం లేని చిన్న చిన్న కూతలతో నడుమ జాగాను నింపుతాయి. ఆ కూతల నుంచే ఈ పాట పద్ధతికి డూ-వాప్ అని పేరొచ్చింది. చర్చిలో దేవుని పాటలు పాడి పదునెక్కిన గొంతులు వీధిలోకి వచ్చి ప్రేమపాటలు పాడాయని చెప్పుకోవచ్చు.

క్లైడ్ మెక్‌ఫాటర్ అట్లాంటి గొంతు. డ్రిఫ్టర్స్ కంటే ముందు అతడు డామినోస్ అనే బృందంలో పాడేవాడు. ఆ బృందానికి యజమాని బిల్లీ వార్డ్. పేరు వార్డ్‌ది, పోస్టర్ మీద బొమ్మ వార్డ్‌ది, పాడేవాళ్లకు జీతం. జనం పడిచచ్చే గొంతు మెక్‌ఫాటర్‌ది. కానీ వేదిక మీద అతణ్ణి కొన్నిసార్లు బిల్లీ వార్డ్ తమ్ముడన్నట్టు 'క్లైడ్ వార్డ్' అని పరిచయం చేసేవాళ్లు. సొంత పేరుతో పాడలేని చోట ఉండలేక 1953లో అతడు బయటికొచ్చాడు. అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీకి చెందిన అహ్మత్ ఎర్టెగన్ అండతో సొంత బృందం కట్టాడు. అదే డ్రిఫ్టర్స్. అదే ఏడు వచ్చిన 'మనీ హనీ' పాట నల్లవాళ్ల పాటల పట్టికలో మొదటి స్థానానికి పోయింది.

ఇక్కడిదాకా మనకు నచ్చే కథే. కూలివాడు యజమాని గుమ్మం దాటి సొంతంగా నిలబడ్డాడు. కానీ 1954లో మెక్‌ఫాటర్‌ను సైన్యంలోకి పిలిచారు. తిరిగి వచ్చాక ఒంటరిగా పాడుకుంటానని నిర్ణయించుకుని, బృందంలో తన వాటాను మేనేజర్ జార్జ్ ట్రెడ్‌వెల్‌కు అమ్ముకున్నాడు. వాటా అంటే ఏమిటి? డ్రిఫ్టర్స్ అనే పేరులో భాగం. ఆ పేరు కింద పాడుతున్న మిగతా మిత్రులు ఆ అమ్మకంతో ట్రెడ్‌వెల్ జీతగాళ్లయ్యారు. తాను ఏ కట్టు తెంపుకుని వచ్చాడో ఆ కట్టులోనే వాళ్లను పెట్టి పోయాడు. మెక్‌ఫాటర్ 39 ఏండ్లకే, 1972లో చనిపోయాడు. నాకు ఈ కథలో ట్రెడ్‌వెల్ కంటే మెక్‌ఫాటరే ఎక్కువ యాదికొస్తాడు. ట్రెడ్‌వెల్ వ్యాపారి, వ్యాపారం చేశాడు. మెక్‌ఫాటర్‌కు నొప్పి తెలుసు, తెలిసీ అమ్మాడు.

ఆ తర్వాత జరిగింది చూడండి. బాస్ గొంతువాడు బిల్ పింక్నీ జీతం పెంచమని అడిగితే పనిలోంచి తీసేశారు. 1958లో న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో ఏదో గొడవ జరిగితే ట్రెడ్‌వెల్ మొత్తం బృందాన్ని ఒక్కరోజున ఇంటికి పంపేశాడు. కానీ ఆ థియేటర్‌తో ఆటలకు ముందే ఒప్పందాలు చేసుకుని ఉన్నాడు. డ్రిఫ్టర్స్ వచ్చి పాడాలి. మనుషులు లేరు, పేరున్నది. అదే వేదిక మీద పాడుతున్న ఫైవ్ క్రౌన్స్ అనే చిన్న బృందాన్ని పిలిచి, ఇయ్యాల్టి నుంచి మీరే డ్రిఫ్టర్స్ అన్నాడు. వాళ్లు ఆ పేరుతో ఊళ్లు తిరిగారు. పాత గొంతుల కోసం టికెట్ కొన్న జనం కొన్నిచోట్ల వాళ్లను గేలిచేశారు. పాపం, వాళ్ల తప్పేమున్నది!

ఆ కొత్త నలుగురైదుగురిలో బెంజమిన్ నెల్సన్ ఒకడు, తర్వాత బెన్ ఇ. కింగ్ అని పేరు పొందినవాడు. 1959లో అతడు ఎత్తుకున్న 'దేర్ గోస్ మై బేబీ' అమెరికా అంతటా మోగింది. దాన్ని తయారుచేసిన లీబర్, స్టాలర్ ఇద్దరూ డూ-వాప్ గొంతుల వెనక వయొలిన్లు పెట్టించారు. అప్పటికి అది కొత్త. ఆ పాట రాసినవాళ్ల పేర్లలో నెల్సన్ పేరు ఉన్నది, మేనేజర్ ట్రెడ్‌వెల్ పేరు కూడా ఉన్నది. మరుసటేడు వచ్చిన 'సేవ్ ద లాస్ట్ డాన్స్ ఫర్ మీ' దేశంలో మొదటి స్థానానికి పోయింది. దాన్ని పాడినవాడూ కింగే. కానీ అప్పటికే జీతం పెంచమని అడిగి, కుదరక, బృందం విడిచిపోయాడు. పాట పైకి పోతున్నది, పాడినవాడు బయట ఉన్నాడు, పేరు మాత్రం చల్లగా ఉన్నది.

ఇంకొక్కటి చెప్పి ఈ చరిత్ర ఆపుతాను. కింగ్ పోయాక ఎత్తుకునే గొంతు రూడీ లూయిస్‌ది. 1964 మే నెలలో 'అండర్ ద బోర్డ్‌వాక్' పాట రికార్డింగ్‌కు స్టూడియో తీసుకున్నారు, వాయిద్యగాళ్లను పిలిచారు. ముందురోజు రాత్రి లూయిస్ చనిపోయాడు. పొద్దున రికార్డింగ్ ఆగలేదు. జానీ మూర్ ఆ చోట నిలబడి పాడాడు. ఇప్పటికీ సముద్రపు ఒడ్డున ఎండాకాలం హాయిగా గడపడానికి జనం వినే పాట అది. నా తమ్ముడు దుబాయ్‌లో విన్నదీ అదే. ఇది చదివిన రాత్రి నేను మళ్లీ పెట్టుకుని విన్నాను. మా తండాలో మనిషి పోతే ఆ ఇంటివాళ్లు ఆ ఏడు పండుగకు నోరు తెరవరు. ఆ మూర్ గొంతు ఎట్లా లేచిందో నాకు అర్థం కాలేదు.

1967లో ట్రెడ్‌వెల్ చనిపోయాక పేరు ఆయన భార్య ఫే చేతికి వచ్చింది. తర్వాత బృందం ఇంగ్లండుకు చేరింది. తొలగించబడ్డ పింక్నీ 'ఒరిజినల్ డ్రిఫ్టర్స్' అని తన బృందాన్ని నడుపుకున్నాడు. పేరు కోసం కోర్టు తగాదాలు ఏండ్లకేండ్లు నడిచాయి. ఆ పేరు కింద పాడినవాళ్లు పదుల సంఖ్యలో ఉంటారు. 1988లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో డ్రిఫ్టర్స్‌ను చేర్చినప్పుడు ఏడుగురి పేర్లే రాశారు.

ఇదంతా చదివి నేను మామూలుగానే కోపం తెచ్చుకున్నాను. మనుషులను బండి చక్రాల్లాగా మార్చి, బండి పేరు మాత్రం ఉంచుకున్నారని అనుకున్నాను. ఆ కోపంతోనే ఒక శ్రావణంలో తీజ్ దగ్గర కూర్చున్నాను. అక్కడ నాకు చిక్కొచ్చిపడింది.

తీజ్ గురించి తెలియనివాళ్లకు నాలుగు మాటలు. తొమ్మిది రోజుల పండుగ. పెండ్లికాని ఆడపిల్లలు దుసేరు తీగతో అల్లిన బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. రోజూ నీళ్లు తెచ్చి పోస్తారు. పోసినప్పుడల్లా పాట. రాత్రి పాట, ఆట. తొమ్మిదోనాడు మొలకల బుట్టలను చెరువులో కలుపుతారు. ఆ రోజు పిల్లలు ఏడుస్తారు, తల్లులు ఇంకా ఎక్కువ ఏడుస్తారు. ఎందుకంటే ఈ ఏడు నీళ్లు పోసిన పిల్లల్లో నలుగురైదుగురు వచ్చే ఏటికి ఇంకో తండాలో ఉంటారు. వాళ్ల జాగాలో చిన్నపిల్లలు వస్తారు. పాట అదే. గుంపు అదే, మా తండా పిల్లలనే అంటాం. ఐదారేండ్లకు ఒక్క మనిషి కూడా పాత మనిషి ఉండదు.

అయితే మాదీ డ్రిఫ్టర్స్ పద్ధతే కదా? అక్కడ దాన్ని అన్యాయమంటూ, ఇక్కడ ఆచారమని ఎందుకు తలూపుతున్నాను?

మొదట తోచిన జవాబు పైసలు. అక్కడ పాడినవాళ్ల చెమట మీద ఇంకొకడు సంపాదించాడు, ఇక్కడ ఎవరూ సంపాదించరు. నిజమే. కానీ పైసా లేని చోట అన్యాయం ఉండదని చెప్పలేం. మన ఆడవాళ్ల పని చాలామట్టుకు పైసా లేని పనే. రెండో జవాబు, అక్కడ వెళ్లగొట్టారు, ఇక్కడ తమంతట తాము పోతారు. ఇదీ ఎక్కువసేపు నిలవలేదు. తండా పిల్ల తనంతట పోతుందా? తండ్రి, అన్నలు, నాయకుడు కూర్చుని మాట్లాడుకుని పంపుతారు. ట్రెడ్‌వెల్ లాగా 'రేపటి నుంచి నువ్వొద్దు' అనరు, అంతే. పోయేటప్పుడు ఢావ్లో పాడుతూ ఆమె ఏడ్చే ఏడుపు ఇష్టంగా పోయే మనిషి ఏడుపు లాగా నాకెన్నడూ వినిపించలేదు.

జవాబు దొరికింది మా పెద్దమ్మ దగ్గర. అది కూడా ఒక నష్టం జరిగాక.

మా తండాలో తీజ్ పాట ఎత్తుకునేది పెద్దమ్మే. ఆమె పాడే పాటల్లో ఒకటి తొమ్మిదో రాత్రి పాడతారు. దాని చివర్న పేర్లుంటాయి. ఈ తండాలో నీళ్లు పోసి, పెండ్లయి పోయిన పిల్లల పేర్లు, పోయిన ఊళ్లతో సహా. ఒక్కో పేరు పెద్దమ్మ అంటుంది, పిల్లలు అందుకుంటారు. వీర్నపల్లి దిక్కు పోయినామె, రుద్రంగి దిక్కు పోయినామె, కథలాపూర్ దాటి పోయినామె. పాట పాతదే గానీ పేర్ల వరుస ఏటేటా పెరుగుతుంది. చిన్నప్పుడు ఆ భాగం రాగానే మేం నిద్రపోయేవాళ్లం.

రెండేండ్ల కింద యూట్యూబ్‌లో పాటలు పెట్టే ఒకాయన మా తండాకొచ్చి పాటలు ఫోన్లో ఎక్కించుకుని పోయాడు. కొన్నాళ్లకు సిరిసిల్లలో ఇద్దరు ఆడపిల్లలతో, కీబోర్డు దరువుతో, ఆ తొమ్మిదో రాత్రి పాటను రికార్డు చేసి పెట్టాడు. కింద 'లంబాడీ జానపదం' అని రాశాడు. సేకరణ అని తన పేరు, సంగీతం అని తన పేరు. పెండ్లిళ్లలో ఆ పాట పెట్టుకుని ఎగురుతున్నారు. మా తండా పిల్లలే దాన్ని తెచ్చి పెద్దమ్మకు వినిపించారు. ఆమె మొత్తం విన్నది. పాడిన పిల్ల గొంతు బాగుందన్నది. దరువు ఎక్కువైందన్నది. పాట అయిపోయాక కాసేపు ఆగి, "పిల్లలేరి?" అన్నది.

మాకు అర్థం కాలేదు. వీడియోలో పిల్లలున్నారు కదా అన్నాం. "గాళ్లు గాదు. పోయిన పిల్లలు. మన పిల్లల పేర్లేవి?"

పేర్ల భాగం అందులో లేదు. నేను ఆయనకు ఫోన్ చేసి అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "ఆ పేర్లు మీ తండాకే తెలుసు సార్, బయటోళ్లకు ఎట్ల ఎక్కుతయి? జానపదమంటే అందరిది. అందరిదయినప్పుడు ఎవరి పేరని పెట్టాలె?" అన్నాడు. ఆ మాట తీసేయదగింది కాదు. పెద్దమ్మ కూడా ఈ పాటను తన పుట్టింటి తండా నుంచే తెచ్చింది. అక్కడి పేర్లు తీసి మా తండా పేర్లు పెట్టింది. పాట తండా నుంచి తండాకు నడవాలంటే పేర్లు మారాలి. మరి ఆమె చేసిందీ ఈయన చేసిందీ ఒక్కటేనా అని ఆమెనే అడిగాను. "నేను పేర్లు మార్చిన. పేర్ల జాగ తీయలే" అన్నది. ఇంకో మాట కూడా అన్నది. ఆ పాట ఎత్తుకునే ముందు ప్రతిసారీ ఆమె 'మా యాడి పాట' అని అనుకుంటుంది. అది మేమంతా వింటూనే ఉన్నాం, పాటలో భాగమనుకున్నాం. ఆమె చెప్పేదాకా అది ఒక మనిషి పేరు చెప్పడమని మాకు తోచలేదు.

నా చిక్కుకు ఇదే జవాబని నేననుకుంటున్నాను. తీజ్ గుంపులో పోయిన పిల్ల, పాటలోకి పోతుంది. డ్రిఫ్టర్స్ గుంపులో పోయినవాడు పోస్టర్ మీది నుంచి పోతాడు, అంతే. రెండుచోట్లా మనుషులు మారతారు. ఒకచోట గుంపు పేరు తన మనుషులను మోస్తుంది. ఇంకోచోట మనుషులు మారిన సంగతి జనానికి ఎంత తెలియకపోతే ఆ పేరుకు అంత లాభం.

'అందరిది' అనే మాట గురించి మాత్రం మనం జాగ్రత్తపడాలి. అది మన మాటే, మన తండాల్లో గూడేల్లో పుట్టిన మాటే. కానీ బయటివాడి చేతిలో పడితే అదే తాళంచెవి అవుతుంది. దీనికి సాలమన్ లిండా కథ కంటే పెద్ద సాక్ష్యం నాకు దొరకలేదు. లిండా దక్షిణాఫ్రికాలో జులూ తెగ మనిషి. పల్లెలో పశువులు కాసి, మనవాళ్లు గల్ఫ్ పోయినట్టు జొహన్నెస్‌బర్గ్‌కు పనికి పోయాడు. అక్కడ తన ప్రాంతపు కూలీలతో ఈవినింగ్ బర్డ్స్ అనే పాటల గుంపు కట్టాడు. వాద్యాల మీద ఆధారపడకుండా గొంతుల మీద నడిచే గుంపు, డూ-వాప్ కంటే ముందటిది. 1939లో గాలో కంపెనీ స్టూడియోలో 'ఎమ్‌బూబే' అనే పాట పాడారు. సింహం అని అర్థం. హక్కుల కింద లిండాకు ముట్టింది 10 షిల్లింగులు. ఆ రికార్డు అమెరికా చేరింది. వీవర్స్ అనే బృందం దాన్ని తమ పాటగా పాడింది. లిండా జులూలో పలికిన మాట వాళ్లకు 'విమోవె' అని వినిపిస్తే అదే పేరు పెట్టారు. రాసినవారి చోట పాల్ క్యాంప్‌బెల్ అని వేశారు. పాల్ క్యాంప్‌బెల్ అనే మనిషి లేడు, అది బృందంవాళ్లు వాడుకున్న మారుపేరు. ఆఫ్రికా పాట కదా, అక్కడి జనానిది, సంప్రదాయమని అనుకున్నారు. వీవర్స్‌లోని పీట్ సీగర్ మంచి మనిషి, తర్వాత లిండాకు వెయ్యి డాలర్లు పంపించాడు కూడా. మంచివాళ్లు కూడా ఈ పొరపాటు ఎంత సులువుగా చేస్తారో చూడండి. 1961లో టోకెన్స్ అనే డూ-వాప్ బృందం కొత్త ఇంగ్లీషు మాటలతో దాన్ని 'ద లయన్ స్లీప్స్ టునైట్'గా పాడితే అమెరికాలో మొదటి స్థానానికి పోయింది. మరుసటేడు లిండా పేదరికంలోనే చనిపోయాడు. 1994లో 'ద లయన్ కింగ్' సినిమాలో ఆ పాట వినని పిల్లలు లేరు. లిండా బిడ్డలు కోర్టుకెక్కితే 2006లో రాజీ కుదిరి, అప్పుడు అతని పేరు, కొంత పైకం వచ్చాయి. పాట పుట్టి అప్పటికి 67 ఏండ్లు.

సంప్రదాయమన్నా జానపదమన్నా నిజానికి 'ఎవరో ఒకరు' అని అర్థం. ఆ ఒకరికి ముఖం ఉంటుంది. అది వెతకాలంటే ఓపిక కావాలి.

మన దగ్గర పేరు చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండేది, దాన్ని నేను తక్కువ చేయను. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీలు లక్షణంగా కదిలి జైత్రయాత్ర చేశారు. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో ఈ ఊళ్లల్లో గొంగడి భుజాన వేసుకుని తిరిగిన పాటగాళ్లు తమ పేర్లు చెప్పుకోలేదు. చెబితే పోలీసులు, అదొకటి. పాట ముందు మనిషి పెద్దగా కనిపించొద్దని వాళ్లు అనుకున్నారు, అదింకొకటి. పాడినవాడు తన పేరు తానే దాచుకోవడం త్యాగం. ఇంకొకడు దాచిపెట్టడం వేరు. అయితే త్యాగానికి కూడా ఖర్చున్నది. 'బండెనక బండి గట్టి' పాట రాసింది సాయుధ పోరాట కాలపు యాదగిరి. తర్వాత వచ్చిన 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతుతో అది ఇంటింటికీ చేరింది. గద్దర్ గొప్ప గాయకుడు, ఆ పాటకు మళ్లీ ప్రాణం పోశాడు. అయినా పది మందిని అడిగి చూడండి, ఎంతమంది యాదగిరి పేరు చెబుతారో. ఎవరూ కాజేయలేదు, ఎవరి మోసమూ లేదు. అయినా ఒక పేరు సన్నబడింది.

ఇట్లాంటివి ఇప్పుడు చిన్న చిన్నగా మన ఇండ్లల్లోకే వస్తున్నాయి. మా చుట్టుపక్కల తండాల పోరగాళ్లు నలుగురు కలిసి ఒక ఆటపాటల బృందం పెట్టారు. జగిత్యాలలో, కోరుట్లలో పెండ్లిళ్లకు, సేవాలాల్ జయంతికి పిలిచేవాళ్లు. బృందం పేరుతో ఛానెల్ తెరిచారు. పైసల దగ్గర తగువొచ్చి విడిపోయారు. ఛానెల్ పాస్‌వర్డ్ ఒకని దగ్గర ఉన్నది. ఇప్పుడు బృందం అంటే అతనే, వేరే పిల్లలను పెట్టుకుని పాడిస్తున్నాడు. ఎత్తుకునే గొంతు ఎవరిదో వాడు సిరిసిల్లలో సాంచాల మీద పనిచేస్తున్నాడు. ఇందులో ట్రెడ్‌వెల్ ఎవరు, మెక్‌ఫాటర్ ఎవరని నేను లెక్క తేల్చలేదు. నలుగురూ మావాళ్లే.

ఈ సంగతులన్నీ మనసులో పెట్టుకుని ఒక పని మొదలుపెట్టాను. పెద్దమ్మ పాటలోని పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాయడం. ఆమె చెబుతుంటే నేను రాశాను. 43 పేర్లు వచ్చాయి. కొన్ని ఆమె అత్తగారి కాలంవి, ఆ మనుషులను ఆమె చూడను కూడా చూడలేదు. పెద్దమ్మ పేరు అందులో లేదు. ఆమె ఈ తండా కోడలు, ఆమె పేరు పుట్టింటి తండా పాటలో ఉన్నది, లేదా ఉండాలి. అక్కడ ఇప్పుడు ఎత్తుకునేవాళ్లు లేరని విన్నాం. నలభై ఏండ్లుగా మా పాట మోస్తున్న మనిషికి మా పాటలో జాగా లేదు. అడిగితే "ఆచారం" అన్నది.

43 పేర్లు రాశాక నా వయసువాళ్లను యాది చేసుకుంటూ పోతే ఒక పేరు తక్కువైంది. నాతో బడికి వచ్చిన పిల్ల. ఐదేండ్లు తీజ్‌కు నీళ్లు పోసింది. గొంతు కూడా మంచిదే, పెద్దమ్మ తర్వాత ఆమే ఎత్తుకుంటుందని అనేవాళ్లు. డిగ్రీ చదువుతుండగా వేరే కులం అబ్బాయిని చేసుకుని పోయింది. ఆ ఏటి నుంచి ఆమె పేరు పాటలో రాలేదు. ఎవరూ తీసేయమని చెప్పలేదట. పెద్దమ్మ అనలేదు, పిల్లలు అందుకోలేదు, అంతే. ఛానెల్ ఆయన మీద నేనంత గట్టిగా మాట్లాడిన నాడు కూడా ఈ పేరు నాకు తట్టలేదు. ఇరవై ఏండ్లు ఆ పాట వింటూ, ఒక పేరు లేదని గమనించని మనిషిని నేను.

నోటుబుక్కులో 44వ పేరుగా దాన్ని నేనే రాశాను. ఊరు తెలియదు, ఖాళీ వదిలాను. పెద్దమ్మకు చదువు రాదు కాబట్టి చదివి వినిపించాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది. "రాస్తే రాయి. పాడేది నేను" అన్నది. అట్లా ఎట్లా అని నేను వాదించాను. పేర్ల జాగ తీయలేదన్నావు కదా, మరి ఇది? ఆమె జవాబు చెప్పలేదు. కోపం తెచ్చుకోలేదు కూడా. గిన్నెలు తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. వారం తర్వాత ఫోన్ చేసి వేరే మాటలన్నీ మాట్లాడి, చివర్న ఆ పిల్ల ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నదని అడిగింది. ఎవరో కరీంనగర్ అంటున్నారని, కనుక్కుంటానని చెప్పాను. శ్రావణానికి ఇంకా నాలుగు నెలలున్నది.